ఎర్రగడ్డల మస్తాన్ రెండో చావు

ఎర్రగడ్డల మస్తాన్‌ని చంపేస్తున్నారన్న వార్త దుబాయ్ అల్ ఖూజ్‌లోని మోటారు సైకిళ్ళ గ్యారేజీకి మధ్యాహ్నం భోజనాల వేళ చేరింది. చేరవేసినవాడు వేరెవరో కాదు, చావబోయేవాడే. హయాత్ బాషా అన్నం డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"వచ్చే ఆదివారం నన్ను కాల్చి పారేస్తారంట," అన్నాడు.

నోటిదాకా వెళ్ళిన చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి.

"ఎవురు మామా?" అన్నాడు యాసీన్. ఇద్దరిదీ కడప జిల్లాలో పక్కపక్క ఊళ్ళు, ఇక్కడ ఒకే గది. యాసీన్ కంపెనీ బస్సు తోలుతాడు, మధ్యాహ్నం మాత్రం భోజనానికి ఈ గ్యారేజీకే వస్తాడు.

"ఇంకెవురు? ఇసుక గుర్రాలు."

తెలియనివాడెవడైనా విని ఉంటే పోలీసులకు ఫోన్ చేసేవాడే. ఇసుక గుర్రాలు ఒక టీవీ సీరియల్. చట్టాన్ని లెక్కచేయకుండా ఎడారి రోడ్ల మీద బండ్లు తోలుకుంటూ దొంగ పనులు చేసే తెలుగు కుర్రాళ్ళ ముఠా కథ. ఆ ముఠాకు తుపాకులు తెచ్చి అమ్మే దుర్మార్గుడు మస్తాన్. ఓడల్లో వచ్చే ఎర్రగడ్డల బస్తాల్లో తుపాకులు కుక్కి తెస్తాడు కాబట్టి ఎర్రగడ్డల మస్తాన్ అయ్యాడు. ఎర్రగడ్డ అంటే మా సీమలో ఉల్లిగడ్డే. కోస్తావాళ్ళు ఉల్లిపాయ అని ముద్దుగా పిలుచుకుంటారు గానీ, కోస్తే కళ్ళు మాత్రం అందరికీ ఒకేలా మండుతాయి.

ఆ మస్తాన్ వేషం మన హయాత్ బాషాది. బండ్ల కింద పడుకుని నట్లు బిగించుకునే మనిషికి టీవీలో వేషమేమిటి అంటారా? దానికో కథ ఉంది.

ఆ సీరియల్ డైరెక్టర్ అమూల్య వరంగల్ పిల్ల. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ టోపీ పెట్టుకుని ఉంటుంది. ముఠా కుర్రాళ్ళకు పాత బండ్లు కావాలని ఒకరోజు ఈ గ్యారేజీకి వచ్చింది. అప్పుడు హయాత్ బాషా ఒక బండి కింద వెల్లకిలా పడుకుని, తప్పుడు బ్రేకులు పంపిన షార్జా దుకాణంవాణ్ణి ఫోన్లో తిడుతున్నాడు. పెద్ద తిట్లేమీ కాదు. "మనిషివా, సామీ నువ్వు?" అన్నాడంతే. ఆ గొంతుకు పక్క గ్యారేజీలో ఎవరో స్పానర్ కింద పడేశారు. అమూల్య వంగి బండి కిందికి చూసి, "సార్, మీరు ఒకసారి బయటికి వస్తారా?" అంది.

ఆ గొంతు ఊరికే వచ్చింది కాదు. హయాత్ బాషా నూర్‌బాషాల ఇంటివాడు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళ నాన్న హబీబుల్లా పద్యనాటకాల్లో రాక్షస వేషాలు కట్టి మూడు తాలూకాలను గడగడలాడించిన మనిషి. కొడుకు కూడా మీసం మొలవకముందే గద పట్టాడు. తిరునాళ్ళలో, ఉరుసుల్లో, ఎద్దుల పందేల దగ్గర వాడి పద్యం వినిపిస్తే చాయ్ దుకాణాలు ఖాళీ అయ్యేవి. తర్వాత ఊళ్ళలో నాటకాలు తగ్గాయి, ఇంట్లో నోళ్ళు పెరిగాయి. గద అటక మీదికెక్కింది, బాషా దుబాయ్ విమానం ఎక్కాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతు బ్రేకులవాళ్ళ మీదే ఖర్చవుతూ వచ్చింది. ఉన్న ఇల్లు వదిలి కిరాయి గదిలో బతికినట్టు, బాషా తన గొంతులో తాను సగమే బతికాడు.

అందుకే మస్తాన్ వేషం వచ్చినప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవడం లేదు. మొదటి భాగాలు టీవీలో రావడం మొదలయ్యేసరికి గ్యారేజీకి బండి బాగుచేయించుకునేవాళ్ళకంటే మస్తాన్‌తో ఫొటో దిగేవాళ్ళు ఎక్కువయ్యారు. మొదట్లో సెలవంటే మొహం ముడుచుకున్న గ్యారేజీ ముదీర్, అదే మేనేజరు, తర్వాత తానే "యల్లా, యల్లా, షూటింగ్‌కి టైమవుతోంది" అని తరిమేవాడు. అజ్మాన్‌లో ఎవరి పిల్లాడో అన్నం తినకపోతే మస్తాన్‌ని పిలుస్తామని బెదిరిస్తున్నారట. ఊళ్ళో ఉన్న భార్య గౌసియా అయితే, "మన వీధిలో అందురూ నన్ను మస్తాన్ పెండ్లాం అంటాండారు," అని ఫోన్లో విసుక్కుంటూనే మురిసిపోయేది.

ఇప్పుడా మస్తాన్ చస్తాడట. చస్తే ఆదివారంతో ఖలాస్. సోమవారం నుంచి మళ్ళీ బండి కింద. బండి కింద పని బాషాకు నామోషీ కాదు, అన్నం పెట్టిన పని అది. కానీ యాభై దాటిన మనిషికి మళ్ళీ ఎవరు వచ్చి బండి కిందికి వంగి చూస్తారు?

"పోయి అడుగు మామా," అన్నాడు యాసీన్. "సంపొద్దని అడుగు. నోరుంటే తల కాస్తాది."

బాషా అడిగాడు. శనివారం రిహార్సల్ అయ్యాక, చాయ్ కప్పు చేతిలో తిప్పుతూ, పెళ్ళి మాట ఎత్తే మేనమామలా ఎటెటో తిరిగి అడిగాడు.

"మేడమ్, మస్తాన్ సావకుండా ఏమన్నా ఉపాయం ఉందా?"

అమూల్య మొహం చిన్నబోయింది. "నాక్కూడా బాధగనే ఉంది బాషా గారూ. కానీ రుద్ర చేతిల మస్తాన్ చావాలె. తమ్ముణ్ణి చంపించినోణ్ణి చంపకపోతే రుద్ర ఇంక హీరో ఎట్లయితడు?"

రుద్ర ముఠా నాయకుడు. ఆ వేషం హైదరాబాదు కుర్రాడు ఫర్దీన్‌ది.

"అట్లయితే సరే," అన్నాడు బాషా. కాసేపు చాయ్ తాగి, ఉండబట్టలేక మళ్ళీ అన్నాడు. "నేను మా ఊరి తిరునాళ్ళలో ఒకే రాత్రి మూడుసార్లు సచ్చినాను మేడమ్."

"మూడుసార్లా?"

"అవును. సచ్చేముందు ఒక పద్యం ఉంటాది. అది పాడి పడిపోతానే జనం 'వన్స్ మోర్' అన్నారు. లేసి మల్లా పాడి మల్లా సచ్చినా. మల్లా అన్నారు. నన్ను సంపేవాడు గద ఎత్తలేక కూలబడినాడు గానీ నేను మాత్రం లేస్తానే ఉన్నా."

అమూల్య పగలబడి నవ్వింది. "చచ్చినోడు లేస్తే జనం నవ్వరా?"

"యాల నవ్వుతారు? అడిగింది వాళ్ళే గదా! లేయకపోతేనే వాళ్ళకు అవమానం. మా నాయన ఒకటే మాట సెప్పేవాడు. సచ్చినా సరే, జనం అడిగితే లేయల్ల. జనం కంటే యముడు పెద్దోడు గాదు అని."

"రేపు మాత్రం లేవకండి," అంది అమూల్య కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకొక మాట. ఆఖరి డైలాగు చిన్నగ చెప్పాలె. మీరు గొంతు పెంచితే మైకు పెట్టెటోడు చెవులు పట్టుకుంటున్నడు. ఇది స్టేజి కాదు, టీవీ. చిన్నగ, చెవిల చెప్పినట్టు. సరేనా?"

సరే అనక ఏం చేస్తాడు? చేసిన రోజులన్నీ ఆమె "చిన్నగ, చిన్నగ" అంటూనే ఉంది. అటక మీద నుంచి దించిన గదను మళ్ళీ గుడ్డ చుట్టి మోస్తున్నట్టే ఉంది ఆయనకు. గదికి వచ్చి యాసీన్‌తో, "సచ్చేదెట్లా తప్పదు. అదేదో బాగా సస్తాను," అన్నాడు.

ఆదివారం వచ్చింది.

అల్ ఖూజ్‌లో గ్యారేజీల నడుమ ఒక పాత గోదాము ముందున్న పెరడును ఓడరేవులా మార్చేశారు. ఇనుప పెట్టెలు, తాళ్ళు, కొండలా పేర్చిన ఎర్రగడ్డల బస్తాలు. ముఠా కుర్రాళ్ళు నల్ల తోలు చొక్కాల్లో చెమటలు కక్కుతూ బండ్ల మీద కూర్చున్నారు. జనవరి ఎండే అయినా, తోలు తోలే కదా. ఈ పెరట్లో తుపాకుల చప్పుడు చేయడానికి పొద్దుగూకే వేళ వినిపించే మగ్రిబ్ అజాన్ దాకానే అనుమతి. తర్వాత ఒక్క టపాకాయ పేలినా ఒప్పుకోమని ముందే చెప్పారు. మర్నాడు గోదాము ఇంకొకరిది.

దానికితోడు నిర్మాత రాధాకృష్ణ స్వయంగా హైదరాబాదు నుంచి దిగాడు. తెనాలి మనిషి. తెల్ల చొక్కా, నుదుటి మీదికి తోసిన కళ్ళద్దాలు, ఎవరు ఏం చెప్పినా "ఆలస్యం దేనికండీ?" అనే ఒకే ప్రశ్న. తెరలు చూసుకోవడానికి వేసిన చిన్న డేరాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఓడరేవు అన్నాక కూలీలు ఉండాలి కదా. వాళ్ళను యాసీన్ బస్సులో తెచ్చాడు. క్యాంపు గదుల నుంచి కడప, నెల్లూరు, కరీంనగర్ మనుషులు, ఎవరికి ఆదివారం సెలవు దొరికితే వాళ్ళు. అందరూ తలకు నూనె రాసి, పండగ చొక్కాలు తొడిగి, అత్తరు పూసుకుని దిగారు. అమూల్య వాళ్ళను చూసి తల పట్టుకుంది. "కూలీలు కావాలని అడిగిన, పెండ్లికొడుకులు వచ్చిన్రు!" అని అందరికీ నీలం పని దుస్తులు తొడిగించింది. అత్తరు వాసనను మాత్రం ఏమీ చేయలేకపోయింది. నిజానికి వాళ్ళు కూలీ వేషాలకు రాలేదు. తమ బాషా చావు చూడటానికి వచ్చారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళకూడదంటారు. అమూల్య పిల్లుల్ని బస్సు నిండా తెప్పించుకుంది, పాపం ఆ సంగతి ఆమెకింకా తెలియదు.

బాషాకు చొక్కా తొడిగారు. చొక్కా లోపల ఎర్ర రంగు సంచులు, వాటిని పేల్చే చిట్టి మందుగుళ్ళు, ఆ పేలుడు ఒంటికి తగలకుండా ఛాతీకి కట్టిన గట్టి పలక. మీట నొక్కితే చొక్కా చిరిగి రంగు చిమ్ముతుంది. అలాంటి చొక్కాలు రెండే ఉన్నాయి. "మొదటి దాంట్లోనే అయిపోవాలె," అంది అమూల్య. "నేను కట్ అనేదాకా ఒక కెమెరా మీ మొహం మీద, ఒకటి రుద్ర మొహం మీద ఉంటది. ఊపిరి కూడా తీయకండి."

ఫర్దీన్ వచ్చి బాషా చేతులు పట్టుకున్నాడు. "బాషా భాయ్, మిమ్మల్ని కాల్చాలంటే నాకే ఎట్లనో ఉంది," అన్నాడు. మంచి పిల్లాడు. బాషా ఆ పిల్లాడి భుజం తట్టాడు.

"యాక్షన్!"

బండ్లు ఒక్కసారి గర్జించాయి. బస్తాల చాటు నుంచి మస్తాన్ బయటికి నడిచాడు. బండ్లు ఆయన చుట్టూ గుండ్రంగా తిరిగి, దుమ్ము లేపి, ఆగాయి. రుద్ర బండి దిగి తుపాకి ఎత్తాడు. "నా తమ్ముడికి పనిచెయ్యని తుపాకి అమ్మినవ్ మస్తాన్. నీ సరుకు పనిచేస్తదో లేదో ఇప్పుడు నీ మీదనే చూస్త."

ఇప్పుడు మస్తాన్ ఆఖరి మాట. చిన్నగా, చెవిలో చెప్పినట్టు చెప్పాల్సిన మాట.

బాషా తలెత్తాడు. రుద్ర భుజం మీదుగా, ఇనుప పెట్టెల ముందు, నీలం దుస్తుల్లో ఆయన మనుషులు కనిపించారు. ముందు వరసలో యాసీన్. ఇరవై ఏళ్ళ కిందట తిరునాళ్ళలో ఎలా నోరు తెరుచుకుని కూర్చునేవాడో అలాగే చూస్తున్నాడు. బాషా ఒంట్లో వెన్నుపూస ఒక్కొక్కటే నిలబడింది. కడుపు అడుగున ఎక్కడో తాళం తెరుచుకుంది. "చిన్నగ" అన్న మాట ఆయనకు గుర్తుంది, నిజంగానే గుర్తుంది. కానీ గొంతు అప్పటికే బయలుదేరింది.

"ఎర్రగడ్డను కోస్తే... కన్నీళ్ళు ఎర్రగడ్డకు రావు బిడ్డా! కోసినోనికే వస్తాయి! గుర్తుపెట్టుకో!"

చివరి 'కో' దగ్గర సన్నగా రాగం తీసి, పైకెక్కించి, అక్కడ నిలబెట్టి, గిరుక్కున కిందికి దించాడు. గోదాము రేకులు గణగణమన్నాయి. మైకు కుర్రాడు చెవుల మీది నుంచి డబ్బాలు పీకేసుకున్నాడు. తుపాకి పేలింది, చొక్కా చిరిగింది, రంగు చిమ్మింది. మస్తాన్ నాలుగడుగులు వెనక్కి తూలి, ఒక చెయ్యి ఆకాశానికెత్తి, బస్తాల మీద పడ్డాడు. ఎర్రగడ్డలు దొర్లుకుంటూ పెరడంతా పరుచుకున్నాయి.

చావంటే అదీ చావు! కెమెరా మెల్లగా మొహం మీదికి జరిగింది. అమూల్య పిడికిలి బిగించుకుని నిలబడింది. గొంతు పెద్దదయినా ఫర్వాలేదు, మాట పడింది, మనిషి పడ్డాడు, ఇంకొక్క క్షణం...

"వన్స్ మోర్!"

ఏడుపుతో పూడుకుపోయిన గొంతు. యాసీన్‌ది. తాను సీరియల్‌లో కూలీనన్న సంగతి, ముందు కెమెరా ఉందన్న సంగతి, తాను దుబాయ్‌లో ఉన్నానన్న సంగతి కూడా వాడు మరిచిపోయాడు. వెంటనే ఇంకొకడు, ఆ వెనక పది మంది, ఆ తర్వాత పెరడు మొత్తం. "వన్స్ మోర్! వన్స్ మోర్ బాషా!" ఈలలు. తలగుడ్డలు గాల్లోకి ఎగిరాయి.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. హయాత్ బాషాకు అది పుడకలతో కూడా పోలేదు. జనం అడిగారు, మనిషి లేచాడు. తనేం చేస్తున్నాడో తెలిసి లేచింది కాదు. వేడి వస్తువు తగిలితే చెయ్యి వెనక్కి ఎలా పోతుందో, మోకాలు అలా మడిచి లేచి నిలబడ్డాడు. చిరిగిన చొక్కా, ఛాతీ నిండా ఎర్ర రంగు, జుట్టులో ఎర్రగడ్డ పొట్టు. రుద్ర కళ్ళలోకి చూసి, ముందటికంటే ఒక మెట్టు పైనుంచి అందుకున్నాడు.

"ఎర్రగడ్డను కోస్తే... కన్నీళ్ళు ఎర్రగడ్డకు రావు బిడ్డా!"

ఫర్దీన్‌కు ఈ ఆచారం గురించి ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లాడికి తెలిసిందల్లా ఒకటే, తాను కాల్చి చంపిన మనిషి రక్తం కారుతూ లేచి తన మీదికి వస్తున్నాడు. "యా అల్లా!" అని కేకేసి వెనక్కి వెనక్కి పోయి, బండికి తగిలి, బండితో సహా కింద పడ్డాడు. తుపాకి చేతిలోంచి జారిపోయింది. మిగతా ముఠావాళ్ళు బండ్లు వదిలేసి ఇనుప పెట్టెల వెనక్కి పరుగు తీశారు.

బాషా మాట పూర్తిచేసి, రాగం దించి, పద్ధతి ప్రకారం రెండోసారి చావడానికి సిద్ధంగా నిలబడ్డాడు. చంపేవాడేడీ? నాటకంలో చంపేవాడు లేకుండా చావడం మర్యాద కాదు. ఆయన అలాగే, ఛాతీ ముందుకు పెట్టి, ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"కట్!" అంది అమూల్య. గొంతు రాలేదు, గాలే వచ్చింది.

డేరాలోంచి రాధాకృష్ణ దూసుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? ఏంటండీ ఇది? తిరునాళ్ళనుకున్నారా? చచ్చినవాడు లేచి రాగం తీయడమేంటి! ఉన్న రెండు చొక్కాల్లో ఒకటి పోయె, పొద్దు కూడా పోతోంది!"

అప్పటికి గాని బాషాకు మెలకువ రాలేదు. చుట్టూ చూశాడు. కెమెరా, గొడుగుల్లాంటి దీపాలు, కింద పడ్డ ఫర్దీన్, టోపీ తీసి చేత్తో నలుపుతున్న అమూల్య. తానేం చేశాడో తెలిసి చల్లబడిపోయాడు. ఎంతో నమ్మకంతో బండి కిందికి వంగి చూసిన పిల్ల, ఆ పిల్ల పనినే నాశనం చేశాడు.

"తప్పయిపోయింది మేడమ్," అని రెండు చేతులూ జోడించాడు. "జనం అడిగినారు... కాలు నా మాట ఇనలా."

అమూల్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకో చొక్కా వేయండి," అంది సహాయకులతో. తర్వాత కూలీల దగ్గరికి పోయి నిలబడింది. "అన్నా, దండం పెడత. ఈసారి ఎవ్వరు నోరు తెరవకండి. మీరు అరిస్తే ఆయన లేస్తడు. ఆయన లేస్తే నా పని ఖతం."

యాసీన్ తల వంచుకున్నాడు. తల్లి చేత చివాట్లు తిన్న పిల్లల్లా అందరూ నీలం కాలర్లు సర్దుకుని నిలబడ్డారు.

పొద్దు గోదాము రేకుల అంచుకు దిగింది. రెండో చొక్కా తొడిగారు. బండ్లు తిరిగాయి, దుమ్ము లేచింది, రుద్ర తుపాకి ఎత్తాడు. ఈసారి బాషా ఎవరినీ చూడలేదు. నేలను చూశాడు. మాట చిన్నగా, చెవిలో చెప్పినట్టు, ఆమె అడిగినట్టే చెప్పాడు. తుపాకి పేలింది. పడ్డాడు. కళ్ళు తెరిచే ఉంచి, ఊపిరి బిగబట్టి, ఆకాశాన్ని చూస్తూ పడుకున్నాడు. పెరట్లో ఒక్కరు దగ్గలేదు. ఎక్కడో ఒక ఎర్రగడ్డ చివరిసారి దొర్లి ఆగింది.

"కట్. ఓకే," అంది అమూల్య.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టొద్దన్నారు కదా, కూలీలు కొట్టలేదు. మిగతావాళ్ళు అప్పుడే తీగలు చుట్టుకుంటున్నారు. బాషా లేవలేదు. లేవడానికి ఒంట్లో సత్తువ లేక కాదు. లేవమని అడిగినవాళ్ళు ఎవరూ లేక. ఆయన ఇన్నేళ్ళ నటనలో ఒక్కసారే చచ్చింది ఇదే మొదలు. 'నాయనా, ఎవురూ అడగలేదు,' అనుకున్నాడు. కంటి కొస నుంచి నీళ్ళు జారి చెవిలోకి పోయాయి. పక్కన ఎర్రగడ్డ చితికి ఉంది గానీ, ఈ నీళ్ళు దానివల్ల వచ్చినవి కావు.

డేరాలో తెర మీద రాధాకృష్ణ రెండోసారి తీసింది చూస్తున్నాడు. "బాగుంది. శుభ్రంగా ఉంది. ఇక సర్దేద్దామా? ఆలస్యం దేనికండీ?"

"ఒక్క నిమిషం సార్," అంది అమూల్య. "మొదటిది కూడా చూడండి."

"ఆ గోల ఎందుకమ్మా?"

"చూడండి సార్."

పడుకున్న చోటికే బాషాకు తన గొంతు వినిపించింది. డేరాలో చిన్న పెట్టెలోంచి వస్తున్నా అది చిన్నగా లేదు. తుపాకి పేలింది. జనం అరిచారు. మళ్ళీ గొంతు. 'యా అల్లా!' అన్న ఫర్దీన్ కేక.

"ఆ కుర్రాడు నిజంగానే దడుచుకున్నాడే!" అన్నాడు రాధాకృష్ణ.

"నాలుగు నెలల నుంచి వాడి మొహంల భయం తేవాలని చూస్తున్న సార్. ఇయ్యాల వచ్చింది."

"అది సరే, చిరిగిన చొక్కాలోంచి ఆ నల్లగా కనిపించేదేంటి?"

"పేలుడు ఒంటికి తగలకుండా కట్టిన పలక." అమూల్య గొంతు ఒక్కసారిగా వేడెక్కింది. "సార్, తుపాకులు అమ్మెటోడు, శత్రువు ముందుకి ఛాతీకి ఏం కట్టుకోకుండ వస్తడా? కథ రాసిన నాకే తట్టలేదు. చంపిన అనుకున్నోడు లేచి ఎదురు నిలబడితే, రుద్ర ఉరికితే, అక్కడ ఆగిపోతే... వచ్చే భాగం కోసం జనం తలుపులు పగలగొడతరు సార్! కూలీల అరుపులు తీసేసి అక్కడ బండ్ల చప్పుడు పెడత. మస్తాన్ చావలేదు!"

బాషా ఊపిరి బిగబట్టాడు. ఇందాక కెమెరా కోసం బిగబట్టినదానికంటే గట్టిగా.

కుర్చీ కిర్రుమంది. రాధాకృష్ణ డేరా బయటికి వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీది నుంచి కిందికి జారాయి, ఆయన గమనించలేదు. అరవై దాటిన ఆ తెనాలి మనిషి మొహంలో, తాత భుజమెక్కి నాటకం చూసిన కుర్రాడు ఎక్కడి నుంచో తొంగిచూశాడు. ఎర్రగడ్డల మధ్య పడి ఉన్న మనిషి వైపు చూసి, నోటి చుట్టూ రెండు చేతులూ దొప్పలా పెట్టుకుని, పెరడు అదిరేలా అరిచాడు.

"వన్స్ మోర్!"

మోకాలు దానంతటదే మడుచుకుంది. హయాత్ బాషా లేచాడు.

నీలం దుస్తులవాళ్ళు అప్పటిదాకా బిగబట్టిన ఈలలన్నీ ఒక్కసారి వదిలారు. యాసీన్ పరిగెత్తుకొచ్చి, ఎర్రగడ్డ మీద కాలేసి జారి, లేచి, బాషాను కావిలించుకుని, రంగు అంతా తన మొహానికి పూసుకున్నాడు. ఫర్దీన్ దూరం నుంచే, "బాషా భాయ్, ఈసారి చెప్పి లేవండి!" అని అరిచాడు.

బాషా మాట అందుకోబోయాడు. అంతలో పక్క వీధి మసీదు నుంచి అజాన్ మొదలైంది. నోరు మూసుకుని, తలవంచి నిలబడ్డాడు. పెరడంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయింది. ఈలలు వేసినవాళ్ళు కూడా వేళ్ళు నోట్లోంచి తీసేశారు. పిలుపు పూర్తయ్యేదాకా ఎవరూ కదలలేదు. పూర్తయ్యాక కూడా కదలలేదు. అడిగింది ఇంకా బాకీ ఉంది కదా.

బాషా అమూల్య వైపు చూశాడు. కెమెరాలు మూసేశారు. దీపాలు ఆర్పేశారు. ఇప్పుడు చెప్పేది ఏ టీవీలోనూ రాదు.

"చిన్నగా సెప్పల్నా మేడమ్?"

అమూల్య టోపీ తీసి చంకలో పెట్టుకుంది. "వద్దు బాషా గారూ. గట్టిగనే చెప్పండి. మీకు ఎంత గట్టిగ వస్తే అంత."

హయాత్ బాషా గొంతు సవరించుకున్నాడు, ఛాతీ నిండా గాలి పీల్చాడు, మాట వదిలాడు. పక్క గ్యారేజీలో ఎవరో స్పానర్ కింద పడేశారు.